చెప్పినా వినలేదు

కొత్త ల్యాప్‌టాప్ తేలిగ్గా ఉండాది, కాదనను. చందాపురనించి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు రెండు బస్సులు మారి, సగం దూరం నిలబడి వచ్చే యాభై ఆరేళ్ళ మనిషికి భుజం మీద బరువు తగ్గిందంటే సంతోషమే. దాంట్లో నాకు నచ్చింది అదొక్కటే. మిగిలిందంతా నా ప్రాణం తీసేదానికే చేసినట్టు ఉండాది.

మూత తీస్తే దాంట్లో ఏమీ ఉండదు. ఇంటర్నెట్టు చూసే బ్రౌజరు ఒక్కటి తెరుచుకుంటాది, అంతే. వర్డు కావాలంటే ఆ బ్రౌజరులోనే, ఎక్సెల్ కావాలంటే ఆ బ్రౌజరులోనే. నెట్టు ఆగిందంటే అదీ నోరు మూసుకుంటాది, మనమూ మూసుకోవాల. మనకు కావాల్సింది ఏదైనా ఎక్కించుకుందామంటే ఒప్పుకోదు. పోయిన నెల ఐటీ వాళ్ళు వచ్చి నా పాత కంప్యూటరును వ్యానుకెత్తుకొని పోయినారు. ఫైళ్ళన్నీ క్లౌడులో పెట్టేసినాం మేడమ్, ఒక్కటీ పోలేదు అని చెప్పి నా చేతిలో ఈ పలకను పెట్టినారు. ఫైళ్ళు పోలేదు, నిజమే. తెరిస్తే ఏ ఒక్కటీ కనపడదు, అదీ నిజమే.

మాది అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ. మిషన్లు చందాపుర దగ్గర, ఆఫీసు మాత్రం రెండేళ్ళ కింద వైట్‌ఫీల్డ్‌లోని అద్దాల బిల్డింగుకు వచ్చింది. నేను హిందూపురంలో తెలుగు చదువుకొన్నదాన్ని, పెళ్ళయి ఆనేకల్లుకు వచ్చి కన్నడ నేర్చుకొన్నదాన్ని. ఇరవై ఆరేళ్ళుగా ఈ కంపెనీలో రెండు భాషల్లో టైపు చేసేది నేనొక్కదాన్నే. నోటీసులు, ఎంక్వైరీ కాగితాలు, మిషను మీద అంటించే హెచ్చరికలు, అన్నీ ఈ చేతుల్తోనే. ఇప్పుడు ఫోనుకు చెప్తే అదే రాస్తాది కదా, టైపిస్టు ఎందుకు అని మొన్న మీటింగులో ఎవరో అడిగినారంట. ఏడాదికోసారి నా కాంట్రాక్టు పొడిగిస్తారు. ఈసారి పొడిగిస్తారో లేదో ఆ దేవుడికే తెలియాల. నాకైతే బేజారయి ఆ ఆలోచన కూడా మానేసినా.

మానేసినా అంటే మానేసినాను అని. ఇది ముందే చెప్పుకోవాల, ఎందుకంటే మా హెచ్ఆర్ మేనేజరు జెస్సీ మేడమ్‌కు ఇది అర్థమయ్యేదానికి మూడు నెలలు పట్టింది. ఆమెది రాజమండ్రి. వచ్చిన కొత్తలో ఒక ఫైలు అడిగితే, "పంపినా" అని మెసేజి పెట్టినా. పది నిమిషాలయింది, ఇరవై నిమిషాలయింది, ఆమె నా సీటు దగ్గరకే వచ్చినారు. పంపినా అని ఆపేశారేంటండీ, పంపినా ఏమైంది, వెళ్ళలేదా అని అడిగినారు. వాళ్ళ పక్క పంపినా అంటే పంపినప్పటికీ అని అర్థమంట. మిగిలిన సగం మాట కోసం ఆమె ఫోను పట్టుకొని కాచుకొని ఉన్నారు పాపం. ఇద్దరం నవ్వుకొన్నాం. ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడు అనుభవిస్తా ఉండా.

పోయిన శుక్రవారం పొద్దున జెస్సీ మేడమ్ నన్ను పిలిచి ఓబళప్ప ఫైలు అడిగినారు. ఓబళప్ప కటింగు మిషను ఆపరేటరు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, ఈ నెలాఖరుకు రిటైరు అవుతాడు. దేవనహళ్ళి దగ్గర మావాళ్ళు కొత్తగా ట్రైనింగ్ సెంటరు పెట్టినారు. అక్కడ కొత్తోళ్ళకు మిషను నేర్పేదానికి ఒక పాత మనిషి కావాల. ఓబళప్ప కంటే తెలిసినోడు లేడు, అందరూ ఒప్పుకుంటారు. కానీ రికార్డులో ఏ మచ్చా లేనోళ్ళనే తీసుకోవాలని రూలు. ఓబళప్పకు ఒక మచ్చ ఉండాది.

పదకొండేళ్ళ కింద ఆయన మిషను బెల్టు తెగి, పక్కన పనిచేస్తా ఉన్న ఇస్సాకు చేతికి తగిలి రెండు వేళ్ళు పోయినాయి. ఎంక్వైరీ పెట్టినారు. ఓబళప్ప తెలుగులో వాంగ్మూలం ఇచ్చినాడు, నేను టైపు చేసినా. అప్పటి హెచ్ఆర్ ఆఫీసరు, కాకినాడాయన, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపినాడు. అందులో ఏముందంటే, మిషను నిలపమని తనకు చెప్పినప్పటికీ తాను వినలేదని ఓబళప్పే ఒప్పుకొన్నట్టు ఉండాది. నిర్లక్ష్యం అని రికార్డులో రాసేసినారు. ఉద్యోగం పోలేదు గానీ, ఇస్సాకు వేళ్ళు ఓబళప్ప పొగరు వల్లే పోయినాయని ఫ్యాక్టరీ అంతా అనుకొన్నారు. క్యాంటీన్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చొనేవాళ్ళు కాదు. ఇస్సాకు మాత్రం ఊరికి వెళ్ళిపోయే ముందు వచ్చి ఆయనతో మాట్లాడిపోయినాడు.

నిజానికి ఓబళప్ప చెప్పింది వేరే. బెల్టు తెగేటట్టు ఉండాది, మిషను నిలపండి అని సూపర్‌వైజరుకు చెప్పింది ఓబళప్ప. విననోడు సూపర్‌వైజరు. ఆయన మాటలు నా చెవుల్లో ఇంకా ఉండాయి. "బెల్టు తెగేటట్టుండాది, మిషను నిలపమని చెప్పినా. వినలేదు." మా పక్క ఏ చిన్న పిల్లని అడిగితే కూడా అర్థం చెప్తాది. ఆ కాకినాడాయన చెప్పినా అనే మాట దగ్గర ఆగకుండా గుక్కతిప్పుకోకుండా చదివి, ఓబళప్ప నెత్తిన వేసినాడు. పదకొండేళ్ళు ఆయన్ని తిట్టుకొన్నా. ఓబళప్పకు కూడా అదే చెప్పినా. ఆయనకు మన మాట తెలీదన్నా, ఆడ నేను ఫుల్‌స్టాపు చుక్క పెట్టే టైపు చేసినా, ఆయనే మింగేసినాడు అని.

ఇప్పుడు ఓబళప్ప అర్జీ పెట్టుకొన్నాడు, నా తెలుగు కాగితం ఒకసారి చూడండి అని. జెస్సీ మేడమ్ మంచి మనిషి, సరేనన్నారు. అసలు కాగితం చందాపుర గోడౌనులో వాన నీళ్ళకు నాని ముద్దయిపోయింది. మిగిలింది క్లౌడులోని నా ఫైలు ఒక్కటే. ట్రైనరు పేరు నాలుగు గంటలకు పైకి పోవాల. చుక్క ఉంటే మచ్చ తీసేయించి ఓబళప్ప పేరే పంపుతానండీ అన్నారు ఆమె. చుక్క ఉంటాది మేడమ్, ఎట్ల లేకుండా పోతాది అని చెప్పి నా సీటుకు వచ్చి ఫైలు తెరిచినా.

తెరిస్తే ఏముంది, డాలరు గుర్తులు, పర్సెంటు గుర్తులు, చిన్నా పెద్దా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తలకిందులుగా నిలబడిన ప్రశ్న గుర్తులు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఇది ల్యాప్‌టాప్ తప్పని అప్పుడు అనుకొన్నా, సగం నిజం కూడా. ఆ కాలంలో మాకు తెలుగు ఫాంటు ఇచ్చింది అవెన్యూ రోడ్డులో ఒక అంగడాయన. ఆయనే సొంతంగా చేసుకొన్నాడు. ఇంగ్లీషులో కే అనే అక్షరం చిన్నది కొడితే ఒక తెలుగు అక్షరం, పెద్దది కొడితే ఇంకొకటి. లోపల ఉండేది ఇంగ్లీషే, పైన తెలుగు ముసుగు. ఆ ఫాంటు ఎక్కిస్తేనే ముసుగు కనపడేది. ఈ బ్రౌజరు ల్యాప్‌టాప్ దాన్ని ఎక్కించుకోనంటాది. ఐటీ వాళ్ళకు కంప్లయింటు పెట్టినా. పావుగంటలో జవాబు వచ్చింది, ఈ ఫాంటు ఇందులో పనిచేయదు, మీ సమస్య పరిష్కారమైంది అని. పరిష్కారమైందంట! తల ఎత్తి చూసుకొన్నా, ఎవరైనా నన్ను చూసి నవ్వుతా ఉండారేమో అని.

జెస్సీ మేడమ్ ఇంటర్నెట్టులో పాత ఫాంట్లను మార్చే సైటు ఏదో వెతికి ఇచ్చినారు. దానికి పేరున్న ఫాంట్లే తెలుసు, అవెన్యూ రోడ్డు అంగడాయన తెలీదు. అది మార్చి ఇచ్చింది తెలుగు అక్షరాల్లోనే ఉండాది గానీ, పూనకం వచ్చినోళ్ళు కూడా అట్ల మాట్లాడరు. పన్నెండున్నర అయింది. తెచ్చుకొన్న డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసినా. మెడ పట్టేసింది, కళ్ళు మండుతా ఉండాయి. ఇంటికి పోయి పండుకొందామనిపించింది. ఎందుకొచ్చిన ఉద్యోగమప్పా ఇది అనిపించింది.

అప్పుడు ఊరికే స్క్రీను వైపు చూస్తా కూర్చొన్నా. చూస్తా చూస్తా ఉంటే మొదటి వరుసలో నా వేళ్ళు బల్ల మీద వాటంతట అవే కదిలినాయి. ఆ గుర్తులు కళ్ళకు అర్థం కాలేదు గానీ వేళ్ళకు అర్థమయినాయి. ఎడమ చిటికెన వేలు, కుడి చూపుడు వేలు, షిఫ్టు, మళ్ళా చిటికెన వేలు. ఓ, బ, ళ, ప్ప. ఇరవై ఏళ్ళు అదే ఫాంటులో కొట్టిన చేతులు కదా, ఆ చెత్తంతా నేను చదవగలను. పేరు చదివినా, తండ్రి పేరు చదివినా, తారీకు చదివినా. నాకే నవ్వొచ్చింది. ఐటీ వాళ్ళకు చేతకానిది నాకు చేతనవుతా ఉండాది.

పక్కన కొత్త పేజీ తెరిచి, ఇప్పటి తెలుగులో ఒక్కో వరుసా మళ్ళా టైపు చేస్తా పోయినా. పాత పేజీని మాత్రం ముట్టుకోలేదు. పొద్దున ఇంకో పాత ఫైలులో రెండు అక్షరాలు కొడితే, వాక్యం మొదట్లో చిన్న అక్షరం ఉండాదని ఈ తెలివిగల మిషను దాన్ని పెద్దది చేసేసింది. దానికి అది ఇంగ్లీషు. నాకు తెలుగులో అక్షరమే మారిపోయింది. అందుకని ఈసారి వేలు ఆనించకుండా కళ్ళతోనే చూసినా.

ఆ ఫాంటులో చుక్కకు వేరే గుర్తు. ముసుగు లేకుండా చూస్తే వాక్యం చివర ఒక వాలుగీత కనపడతాది. మొదటి వాక్యం చివర వాలుగీత ఉండాది. రెండో వాక్యం చివర ఉండాది. మూడో దానికీ ఉండాది. రెండున్నరకు ఆ వరుస దగ్గరకు వచ్చినా. బెల్టు. తెగేటట్టు. ఉండాది. మిషను. నిలపమని. చెప్పినా.

ఆడ వాలుగీత లేదు.

కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళా చూసినా. చెప్పినా, ఒక ఖాళీ, వినలేదు, అప్పుడు వాలుగీత. మధ్యలో ఏమీ లేదు. పెద్దగా చేసి చూసినా. లేదు. ఆ పాత ఫాంటులో నా అనే అక్షరం చివర తోక దగ్గర రవ్వంత లావుగా ముడి ఉండేది. అది చుక్క మాదిరే కనపడేది. పదకొండేళ్ళుగా ఆ ముడిని చూసి చుక్క అనుకొన్నా నేను. ఈ పనికిమాలిన ల్యాప్‌టాప్ ముసుగు తీసేసి, ఆ రోజు నా వేలు ఏ మీట నొక్కిందో ఏది నొక్కలేదో అట్లే చూపిస్తా ఉండాది.

ఆ కాకినాడాయన తప్పు చదవలేదు. నేను ఏమి టైపు చేసినానో అదే చదివినాడు.

ఆ పేజీని ఈ ఆఫీసులో చదవగలిగింది నేనొక్కదాన్నే. కొత్త పేజీలో ఒక చుక్క పెట్టేస్తే అయిపోతాది. అడిగేవాళ్ళు లేరు. ఒకవేళ ఎవరైనా అడిగితే, ఈ ల్యాప్‌టాప్ అక్షరాలు మారుస్తాది కదా, చుక్క అదే మింగింది అంటే నమ్మనోళ్ళు ఎవరు? నెలనుంచి దాన్ని తిడతా ఉండేది అందరూ విన్నారు. ఓబళప్పకు న్యాయం జరుగుతాది, నా కాంట్రాక్టు నిలుస్తాది. వేలు చుక్క మీట మీద పెట్టినా. పెట్టి అట్లే కూర్చొన్నా. ఉన్న తప్పులన్నీ చేసే ఈ మిషను, ఈ ఒక్క తప్పు చేయలేదు. దాని మీద జాలి అని కాదు. ఆ చుక్క పెడితే, పదకొండేళ్ళు ఒక మనిషి ఒంటరిగా బల్ల దగ్గర తిన్నాడే, అది ఎవరి వల్లో ఎప్పటికీ ఎవరికీ తెలీకుండా పోతాది. ఆయనకు కూడా.

మూడు గంటలకు ఓబళప్ప వచ్చినాడు. షిఫ్టు బట్టల్లోనే, సంతకం కావాల్సి వస్తాదేమోనని. వాకిట్లోనే నిలబడి, దొరికిందామ్మా అని అడిగినాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నా. ఎట్ల మొదలు పెట్టాలో తెలీక ముందు ఫాంటు గురించి, ముసుగు గురించి ఏదేదో చెప్పినా. ఆయన తల ఊపుతా విన్నాడు. ఆయనకు తెలుగు మాట్లాడేదే వచ్చు, చదివేది రాదు. ఆయన చదువంతా కన్నడ బడిలో నాలుగో క్లాసు.

"ఓబళప్పన్నా, తప్పు నాది" అని చెప్పినా. "ఆడ నేను చుక్క పెట్టలేదు. పెట్టినా అనుకొన్నా, పెట్టలేదు. ఆ ఆఫీసరుది కాదు, నాది."

ఆయన చేతిలోని టోపీని ఇటు తిప్పి అటు తిప్పినాడు. అరుస్తాడేమో, అరిస్తే బాగుండు అనుకొన్నా.

"అట్ల కాదుమ్మా" అన్నాడు. "ఆ దినం మీరు నాకు చదివి వినిపించినారు కదా. ఆడ నిలిపినారు. చెప్పినా అని నిలిపి, నా మొకం చూసి, అప్పుడు వినలేదు అని చదివినారు. నాకు బాగా గుర్తుండాది. మీరు నిలిపినారు కాబట్టే నేను సంతకం పెట్టినా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నమ్మింది కాగితాన్ని కాదు, నా గొంతును. నా నోట్లో ఉండిన చుక్క కాగితం మీద లేదు.

ముక్కు చీదుకొని, కొత్త పేజీలో ఆ వరుసను చుక్క లేకుండానే, ఉన్నది ఉన్నట్టు టైపు చేసినా. దాని కింద ఇంకో కాగితం రాసినా, ఆ వరుసనే ఈసారి చుక్క పెట్టి మళ్ళా రాసి. వాంగ్మూలం ఇచ్చినోడు చెప్పినా అన్న మాట దగ్గర వాక్యం ముగించినాడు, దాని అర్థం "నేను చెప్పినాను" అని, చుక్క వదిలేసిన తప్పు టైపిస్టుది, చదివి వినిపించేటప్పుడు నేను అక్కడ ఆపి చదివినా, ఆయన అది విని సంతకం చేసినాడు అని. కింద నా పేరు, కాత్యాయని, టైపిస్టు. తీసుకుపోయి జెస్సీ మేడమ్ ముందర పెట్టినా.

ఆమె రెండుసార్లు చదివినారు. మొదటిసారి మామూలుగా వాళ్ళ పక్క మాదిరి చదివి, ఒప్పుకొన్నట్టే ఉంది కదండీ అన్నారు. రెండోసారి చెప్పినా దగ్గర ఆగినారు. ఆగి నా వైపు చూసినారు. పంపినా, అన్నారు మెల్లగా. అవును మేడమ్, పంపినా అన్నట్టే అన్నా. తర్వాత ఆమె నా కాగితం చేతిలో పట్టుకొని, ఇది మీ రికార్డులోకి వెళ్తుందండీ, వచ్చే నెల మీ రెన్యూవల్ కూడా నా చేతిలో లేదు, ఆలోచించుకోండి అన్నారు. ఆలోచించేదానికి ఓపిక లేదు మేడమ్, పంపండి అన్నా. నాలుగుకు పది నిమిషాలు ఉండంగా ఆమె ఓబళప్ప పేరుతో పైకి పంపినారు, నా కాగితం కూడా దానికి జతచేసి. మచ్చ తీసేయమని తనే కింద రాసినారు.

సీటుకు వచ్చేటప్పటికి ఓబళప్ప ఇంకా ఆడే కూర్చొని ఉండాడు. పోయిందన్నా, నీ పేరే పోయింది అని చెప్పినా. తల ఊపినాడు. థ్యాంక్స్ అనలేదు, నేనూ ఎదురుచూడలేదు. లేచి పోతాడనుకొంటే, ల్యాప్‌టాప్ వైపు చూపించి, ఒకసారి చదవమ్మా అన్నాడు.

ఆయన మాటలు, పేరునుంచి తారీకుదాకా మొత్తం చదివినా. ఆ వరుస వచ్చింది. చెప్పినా అని నిలిపినా. ఆయన మొకం చూసినా. వినలేదు అని చదివినా.

"ఈసారి ఆడ చుక్క ఉండాదామ్మా?" అని అడిగినాడు.

దీంట్లో లేదన్నా, ఆ దినం లేదు కాబట్టి ఇప్పుడూ పెట్టలేదు అన్నా. ఆ కింద నా కాగితం దాకా పేజీని జరిపినా. ఆ మాట నేను మళ్ళా రాసిన చోట ఆగినా. ఈడ పెట్టినా చూడు, అని ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పినా. ఆయన వంగి చూసినాడు, కనపడలేదు. చదువురాని చోట చుక్క ఎట్ల కనపడతాది? ఆయన వేలు పట్టుకొని స్క్రీను మీద ఆ చుక్క దగ్గర పెట్టినా. మిషను నూనె నల్లగా పట్టిన వేలు. స్క్రీను మీద మరక పడింది, నేను తుడవలేదు.